బిళ్ల నంబరు 212

డిస్పెన్సరీ, మిల్లు ఆవరణ
జూన్ 3

కోడలు పిల్లకి,

నువ్వు కులాసాగా ఉన్నావని తెలుసు. లేకపోతే ఈపాటికి మూడు పేజీల ఏడుపు వచ్చి ఉండేది. నేనూ కులాసాయే. నా బల్లే కులాసాగా లేదు, దాని మీద కంప్యూటర్ తెచ్చి కూలేశారు.

ఇరవై ఏడేళ్లుగా ఈ రాతిపొడి మిల్లు డిస్పెన్సరీకి నేనొక్కదాన్నే గుమాస్తాని. మనిషికో అట్ట. పేరు, మిల్లు వాళ్లు ఇచ్చే గుర్తింపు బిళ్ల నంబరు, పనిచేసే విభాగం, ఏ తేదీన ఏ జబ్బుతో వచ్చాడు, డాక్టరు గారు ఏం మందు రాశారు, అంతా ఆ అట్ట మీదే. మానేసినవాళ్లతో కలిపి మూడు వందల పన్నెండు మంది, మూడు వందల పన్నెండు అట్టలు. ఇప్పుడు మా కొత్త మేనేజరు వాటన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించమంటున్నాడు. ఈయన చొక్కా మడత నలగకుండా రోజంతా కుర్చీలో కూర్చోగలడు, అందుకని అందరం ఇస్త్రీ చొక్కా అంటాం.

ముందు ఒంటికాలి మీద లేచాను. తర్వాత ఒక సంగతి విని కూర్చున్నాను. సెప్టెంబరు మొదట్లో కార్మిక శాఖ నుంచి తనిఖీకి వస్తారట. ఏ విభాగంలో ఎంతమందికి ఏ జబ్బో రిపోర్టు చూపించాలట. మర షెడ్డు నీకు తెలుసు కదా, రాయిని పిండి చేసే చోటు. ఆ దుమ్ములో పక్కన నిలబడ్డ మనిషి కనబడడు. దుమ్ము లాగేసే గొట్టాలు పెట్టించమని డాక్టరు గారు నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నారు. పైవాళ్లు ‘రుజువేది?’ అంటారు. వాళ్ల కంప్యూటర్‌తోనే రుజువు తీసి వాళ్ల మొహాన కొట్టాలని నా పంతం.

కాబట్టి ఓ పంతులమ్మా, ఎవరెవరి పిల్లలకో కంప్యూటర్ నేర్పుతున్నావు, మీ మేనత్తకీ నేర్పు. ఇందులో డేటాబేస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. తెరిస్తే తెల్లమొహం వేసుకుని నా వైపు చూస్తుంది. నేనూ దాన్ని అలాగే చూస్తున్నాను.

మీ నాన్న బాగానే ఉన్నాడు.

మీ అత్త

*

హాస్టల్, పై అంతస్తు గది
జూన్ 12

అత్తా,

నీకు పాఠం చెప్పే రోజు వస్తుందని అనుకోలేదు. చిన్నప్పుడు ఎక్కాలు తప్పితే నువ్వు మెలేసిన చెవి ఇంకా గుర్తుంది. ఇప్పుడు నా వంతు, ఒళ్లు దగ్గర పెట్టుకుని విను.

నీ అట్టని మక్కీకి మక్కీ ఎక్కించకు. అట్ట మీద రెండు రకాల సంగతులున్నాయి. మనిషి ఎవరన్నది ఒకటి, డిస్పెన్సరీకి ఎప్పుడెప్పుడు వచ్చాడన్నది ఇంకొకటి. మనిషి ఒక్కడే, రాకలు ముప్పై ఉండొచ్చు. ముప్పై సార్లూ పేరూ విభాగమూ రాస్తే నీ వేళ్లు అరుగుతాయి, ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. అందుకని రెండు పట్టికలు చెయ్. మొదటిది కార్మికులు. మనిషికి ఒక్క వరస. బిళ్ల నంబరు, పేరు, విభాగం. రెండోది రాకలు. వచ్చిన ప్రతిసారీ ఒక వరస. బిళ్ల నంబరు, తేదీ, జబ్బు.

రెండింట్లోనూ ఉన్నది బిళ్ల నంబరు ఒక్కటే. దాన్ని పట్టుకుని కంప్యూటర్ ఈ పట్టికనీ ఆ పట్టికనీ కలుపుతుంది. పేరుని మాత్రం నమ్మకు. ఒకే పేరున్న వాళ్లు మీ మిల్లులో నలుగురైనా ఉంటారు, ఒకడి దగ్గు ఇంకొకడి ఖాతాలో పడుతుంది. బిళ్ల నంబరు అలా కాదు, ఇద్దరికి ఒకటి ఉండదు, మనిషి మానేసినా అది ఇంకొకరికి ఇవ్వరు. మేము దాన్ని కీ అంటాం.

అంతా ఎక్కాక ‘ఏ విభాగంలో ఎంతమందికి దగ్గు?’ అని అడుగు. ఆ అడగడాన్ని క్వెరీ అంటారు. అది పట్టికలు కలిపి చూసి చెబుతుంది. నువ్వు అడిగిందానికే చెబుతుంది సుమా, మనసులో అనుకున్నదానికి కాదు.

నాన్న ఉత్తరాలు రాయడం ఎందుకు మానేశాడు? ‘బాగానే’ అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేసే మనిషివి కాదు. ఏదైనా ఉంటే చెప్పు.

నీ కోడలు

*

డిస్పెన్సరీ
జూలై 8

కోడలు పిల్లకి,

ఎక్కించాను. మూడు వందల పన్నెండు వరసలు కార్మికులు, నాలుగు వేల పైచిలుకు రాకలు. తల ప్రాణం తోకకొచ్చింది. ఒకే బిళ్ల నంబరు రెండుసార్లు కొడితే ఆ కంప్యూటర్ ఒప్పుకోలేదు, నా మీదే గయ్యిమంది. నాకు అది నచ్చింది. ఈ మిల్లులో తప్పుని తప్పని మొహం మీద చెప్పేది ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే, ఇప్పుడు తోడు దొరికింది.

మొన్న క్వెరీ అడిగాను. చూసి బుర్ర తిరిగిపోయింది. మొత్తం నలభై ముగ్గురికి వదలని దగ్గు. అందులో మర షెడ్డు వాళ్లు ఎనిమిది మంది. మిగతా విభాగాలన్నీ కలిపి ఆరుగురు. లేబుళ్ల గది ఇరవై తొమ్మిది! అక్కడ ఉన్నదే ముప్పై ఒక్కమంది. ఆ గది చూశావు కదా. రెండు కిటికీలు, పైన ఫ్యాన్లు, బల్లల ముందు కూర్చుని సంచుల మీద లేబుళ్లు అతికించడం తప్ప పనే లేదు. మొత్తం మిల్లులో గాలి పీల్చదగ్గ చోటు అదొక్కటే.

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే మాట.

ఇస్త్రీ చొక్కా మొహం వెలిగిపోయింది. “చూశారా మేడం, మీరు మర షెడ్డు మీద ఊరికే నిందలు వేశారు. అసలు గొడవంతా లేబుళ్ల జిగురుదన్నమాట” అన్నాడు. మర్నాటికల్లా కొత్త జిగురు డబ్బాలు వచ్చాయి. అంతటితో ఆగితే నవ్వుకుని ఊరుకునేదాన్ని. లేబుళ్ల గదిని సెప్టెంబరులో మూసేస్తాడట. ఇకమీద లేబుళ్లు సంచుల మీదే అచ్చు వేయించి తెస్తారట. ఆ ముప్పై ఒక్కమందినీ మర షెడ్డుకి పంపిస్తాడట, ‘ఆరోగ్యం దృష్ట్యా’. నోటీసు బోర్డు మీద ఆ ముక్కే రాశాడు. దానికింద నా రిపోర్టు, నా సంతకంతో.

ఇన్నేళ్లలో ఇంత అవమానం పడలేదు. ఎక్కడ తప్పానో తెలియడం లేదు. పట్టికల నకలు ఫ్లాపీలో వేసి పంపుతున్నాను, చూడు. పేర్లు తీసేశాను. రోగుల పేర్లు గడప దాటించడం నా చేత కాదు, నువ్వైనా సరే. తొందరగా చూడు, అట్టలు ఇక అక్కర్లేదని ఈ నెలాఖరుకి కాగితం మిల్లుకి తోలేస్తారట.

మీ అత్త

*

హాస్టల్
జూలై 14

అత్తా,

212 ఎవరు?

పేర్లు తీసేశావు. నంబర్లు ఉంచావు. నాన్న టిఫిన్ డబ్బా మూత మీద మేకుతో 212 అని గీసి ఉంటుంది. అంకెలు రాయడం నేను ఆ మూత మీద వేలు తిప్పి నేర్చుకున్నాను. నీ పట్టికలో 212 లేబుళ్ల గదిలో ఉన్నాడు. రాకలు పదకొండు. దగ్గు, దగ్గు, ఆయాసం, దగ్గు, పోయిన నవంబరులో దగ్గుతో రక్తం.

నవంబరులో నేను ఫోను చేస్తే నువ్వే ఎత్తావు. “నిద్రపోతున్నాడే, లేపనా?” అన్నావు.

నీ పాఠం, నీ పట్టికలు, నీ పంతం తర్వాత చూద్దాం. ముందు దీనికి జవాబు రాయి.

*

ఇంటి నుంచి
జూలై 18

కోడలా,

అవును, మీ నాన్నే.

నా మీద ఎగురు, నోటికొచ్చినట్టు తిట్టు, పడతాను. కానీ దాచిపెట్టడం నాకు సరదా అనుకోకు. “అక్కా, దానికి తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చేస్తుంది, దానికి చెబితే నా మీద ఒట్టే” అన్నాడు. నా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషి. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. మొదటిసారి అడిగాడు, కాదనలేకపోయాను. తప్పే. మళ్లీ అడిగినా అదే తప్పు చేస్తానేమో, నీకు అబద్ధం చెప్పలేను.

ఆ రక్తం చూసినప్పుడు డిస్పెన్సరీలో నేనే ఉన్నాను. చేతిరుమాలు జేబులో దాచేశాడు. నేను లాక్కుని చూశాను. ఆ రోజు నుంచి నాకు ఈ మిల్లు మీద ఉన్న కసి నీకు మాటల్లో చెప్పలేను. రుజువు తీస్తానని నేను ఎందుకు ఎగిరానో ఇప్పుడు నీకు అర్థమవుతుంది. తీరా చూస్తే నా రిపోర్టే వాణ్ని మళ్లీ ఆ దుమ్ములోకి తోస్తోంది. డాక్టరు గారు నిన్న గట్టిగా చెప్పారు. మళ్లీ ఒక్క ఏడాది మర షెడ్డులో పనిచేస్తే ఇక ఊపిరితిత్తులు మిగలవట.

వాడు పదహారేళ్లు మర షెడ్డులో చేశాడు. దగ్గు ముదిరాక లేబుళ్ల గదికి మార్చారు. ఇక్కడ అది మామూలే. ఎవడైనా దగ్గి దగ్గి పనికి అడ్డం పడితే లేబుళ్ల గదికి పంపుతారు, అది మిల్లులో తేలిక పని. మార్చినప్పుడల్లా అట్ట మీద పాత విభాగం కొట్టేసి కొత్తది రాస్తాను. కంప్యూటర్‌లో కూడా ఇప్పుడున్న విభాగమే ఎక్కించాను. అంతా సరిగ్గానే చేశాను కదే. మరెందుకిలా వచ్చింది?

మీ అత్త

*

హాస్టల్
జూలై 22

అత్తా,

కోపం తగ్గలేదు. నాన్నతో నేను వేరే మాట్లాడతాను, దానికి నీ ఒట్లూ ఆయన ఒట్లూ అడ్డం రావు. ఇప్పుడు పని మాట.

తప్పు నీది కాదు, నాది. విభాగాన్ని కార్మికుల పట్టికలో పెట్టమన్నది నేనే. మనిషి పేరులాగా విభాగం కూడా మారదని అనుకున్నాను. ఒక గడిలో ఒక్క మాటే పడుతుంది. నువ్వు ‘లేబుళ్ల గది’ అని రాయగానే నాన్న పదహారేళ్లూ తుడిచిపెట్టుకుపోయాయి. మర షెడ్డులో దగ్గు తెచ్చుకున్న వాళ్లంతా లేబుళ్ల గదిలో తేలారు. అడిగిందానికి కంప్యూటర్ నిజమే చెప్పింది. మనం ‘ఇప్పుడు ఎక్కడున్నారు?’ అని అడిగాం. ‘దగ్గు మొదలైన రోజున ఎక్కడున్నారు?’ అని అడగాల్సింది.

కార్మికుల పట్టికలోంచి విభాగం తీసేయ్. విభాగాల పేర్లతో ఒక చిన్న పట్టిక, ఎవరు ఎక్కడ పనిచేశారో చెప్పడానికి విభాగాల చరిత్ర అని ఇంకొక పట్టిక చెయ్. ఈ రెండోదానికి నాలుగు గడులు. బిళ్ల నంబరు, విభాగం, నుంచి, వరకు. మనిషి చోటు మారినప్పుడల్లా పాత వరస తుడవకుండా కింద కొత్త వరస వెయ్యి. ఇప్పటికీ అక్కడే ఉన్నవాళ్లకి ‘వరకు’ గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ అంటే సున్నా కాదు, ఇంకా ముగియలేదని.

అన్నట్టు పట్టికలు కలిపేటప్పుడు ఒక చిన్న గడిలో టిక్కు పెట్టమని అడుగుతుంది. సంబంధం కచ్చితంగా పాటించాలా అని. తప్పకుండా పెట్టు. పెడితే లేని విభాగం పేరు రాయనివ్వదు, వాడుకలో ఉన్న విభాగాన్ని తీసేయనివ్వదు.

ఇదంతా పాత విభాగాలూ తేదీలూ దొరికితేనే. అట్ట మీద కొట్టేశానన్నావు. కొట్టేసింది చదవగలవా? అసలు అట్టలు ఉన్నాయా, పోయాయా?

నీ కోడలు

*

డిస్పెన్సరీ
ఆగస్టు 20

కోడలు పిల్లకి,

ఉన్నాయి. ఎలా ఉన్నాయో విను.

నేను ఈ ఉద్యోగంలో చేరిన వారంలోనే ఒక తప్పు రాసి రబ్బరుతో చెరిపాను. అప్పటి కాంపౌండరు ముసలాయన అట్ట నా చేతిలోంచి లాక్కుని, “అమ్మాయ్, రోగి కాగితం మీద చెరపడం అంటూ లేదు. ఒక్క గీత కొట్టు, కింద ఉన్నది కనపడాలి. పక్కన తేదీ వెయ్యి” అన్నాడు. అందరూ ఆయన్ని చాదస్తం అనేవాళ్లు. నేనూ లోలోపల అనుకున్నాను. కానీ ఇరవై ఏడేళ్లూ అలాగే చేశాను. ప్రతి పాత విభాగం ఒక్క గీత కింద చక్కగా కనబడుతోంది, పక్కన మార్చిన తేదీతో సహా. ఆయన బతికి ఉంటే కాళ్లకి దండం పెట్టేదాన్ని.

నీ ఉత్తరం అందిన మూడో రోజు అట్టల కోసం లారీ వచ్చింది. పెట్టెలు గుమ్మంలో వరసగా పేర్చి వాటి మీద కూర్చున్నాను. ఇస్త్రీ చొక్కా వచ్చి “మేడం, లేవండి” అన్నాడు. “లేవను. రోగి అట్ట బయటికి పోవాలంటే డాక్టరు గారి సంతకం కావాలి, అది మీ రూలు పుస్తకంలోనే ఉంది” అన్నాను. డాక్టరు గారు వారానికి రెండు రోజులే వస్తారు, ఆ రోజు రాలేదు. వచ్చిన రోజున ‘అన్నీ చదివి చూడాలి, నెలన్నర పడుతుంది’ అని రాసి సంతకం పెట్టారు. ఆయన మెతక మనిషి అనుకునేదాన్ని. ఆ అక్షరాలు చూడాలి నువ్వు, ఎంత గట్టిగా ఒత్తి రాశారో.

మధ్యాహ్నం అన్నాల గంటలో పని చేశాను. నేను కొట్టేదాన్ని, మీ నాన్న పక్కన కూర్చుని అట్టలు చదివేవాడు. వాడికి ఈ పని సంగతి ఎవరు చెప్పారనుకున్నావు? నువ్వు ఫోనులో చెడామడా కడిగేశావట కదా, మర్నాడు వాడంతట వాడే వచ్చాడు. “అక్కా, దాచింది చాలు” అని కుర్చీ లాక్కున్నాడు. ఒకరోజు తన అట్టే చేతికొచ్చింది. గొంతు మార్చకుండా చదివాడు. “రెండు వందల పన్నెండు. మర షెడ్డు” అని నుంచీ వరకూ తేదీలు చెప్పాడు. నాకు కళ్లు మసకబారి రెండుసార్లు తప్పు కొట్టాను. వాడు మాత్రం “సరిగ్గా కొట్టు, నా బతుకు అది” అన్నాడు నవ్వుతూ.

నిన్న కొత్త క్వెరీ అడిగాను. నలభై మూడు మందిలో దగ్గు మొదలైన రోజున మర షెడ్డులో ఉన్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. మిగతా విభాగాలు అయిదు. లేబుళ్ల గదిలో ఉండగా దగ్గు మొదలైన వాళ్లు ఒక్కరు లేరు. ఒక్కరంటే ఒక్కరు లేరు! కుర్చీలోంచి లేచి కేక పెట్టాను. కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాడు హడలిపోయాడు.

ఇప్పుడు మేనేజరుకి చూపిస్తాను. తాడో పేడో తేలిపోవాలి.

మీ అత్త

*

హాస్టల్
ఆగస్టు 26

అత్తా,

చూపించు. కానీ నకలు నా దగ్గర ఒకటి ఉంటే మంచిది, ఫ్లాపీ పంపు. పట్టికలన్నీ మరోసారి నేను వేరుగా కలిపి చూస్తాను. రెండు చోట్లా ఒకే జవాబు వస్తే నీ సంతకానికి ఎవరూ వంక పెట్టలేరు.

ఒకటి అడగాలి. నీ ఉద్యోగం పోతే? ఇంకా ఎనిమిదేళ్లు సర్వీసు ఉంది నీకు. నాన్న గురించి భయపడ్డట్టే నీ గురించీ భయంగా ఉంది. ఆపమని అనడం లేదు. నువ్వు ఆపవని కూడా తెలుసు.

నీ కోడలు

*

లేబుళ్ల గది
సెప్టెంబరు 9

కోడలు పిల్లకి,

పైన రాసిన చిరునామా చూసి కంగారుపడకు, మొదటి నుంచీ చెబుతాను.

ఇస్త్రీ చొక్కా రిపోర్టుని ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. తర్వాత తలుపు వేసి, “మేడం, పాత సంగతులు ఎందుకు? తనిఖీకి ఇప్పటి సంగతి చాలు. ఆ కొత్త పట్టికలో మర షెడ్డు అనేది తీసేయండి” అన్నాడు. ఎక్కడా ఆ పేరే కనబడకూడదట. “మీరే చూస్తూ ఉండండి సార్, తీసేస్తాను” అన్నాను. విభాగాల పట్టిక తెరిచి, మర షెడ్డు వరస పట్టుకుని, డిలీట్ నొక్కాను.

తీసేయడానికి వీల్లేదంది. ఈ వరసకి సంబంధించిన రికార్డులు ఇంకో పట్టికలో ఉన్నాయంది.

“మళ్లీ నొక్కండి” అన్నాడు. నొక్కాను. మళ్లీ అదే. మూడోసారి ఆయనే వంగి నొక్కాడు. చొక్కా నలిగింది. నాకు నవ్వు ఆగలేదు, అక్కడే పగలబడి నవ్వాను. నువ్వు పెట్టమన్న టిక్కు గురించి ఆయనకి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం నాకు కనబడలేదు. “సార్, నన్నైతే భయపెట్టగలరు. దీనికి మీరెవరో తెలియదు” అన్నాను. “పాత రిపోర్టే పెట్టండి, ఇది ఆర్డరు” అన్నాడు. “దాని మీద నా సంతకం నేను వెనక్కి తీసుకుంటున్నాను, తప్పు రిపోర్టు అది” అన్నాను. దాని మీదా ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి, ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను.

నాలుగో తారీఖున తనిఖీ అధికారిణి వచ్చింది. సన్నగా, పొట్టిగా, మాట తక్కువ మనిషి. ఇస్త్రీ చొక్కా పాత రిపోర్టు నకలు ఇచ్చాడు. నేను లేచి వెళ్లి కొత్తది ఆమె చేతిలో పెట్టాను. “కంప్యూటర్‌లో ఎవరైనా ఏదైనా రాయొచ్చు కదమ్మా” అందామె. “రాయొచ్చు. అందుకే అట్టలు దాచాను, మీకు తోచిన నంబర్లు అడగండి” అన్నాను. ఏడు నంబర్లు అడిగింది. ఏడు అట్టలు తీసి ముందు పెట్టాను. గీత కింద ఉన్న విభాగాలు ఒక్కొక్కటే పట్టికతో సరిచూసుకుంది. ఏడూ సరిపోయాయి. ఆమె అడిగిన వాటిలో 212 లేదు. నేను తీసి చూపించనూ లేదు. వాణ్ని జాలి కోసం వాడుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

దుమ్ము లాగే గొట్టాలు బిగించేదాకా మర షెడ్డు మూసేయమని రాసిచ్చింది. లేబుళ్ల గదిలోంచి ఒక్కరినీ కదపకూడదని కూడా రాసింది. మేనేజరు మొహం మాడిపోయింది. సాయంత్రానికల్లా నాకు ఆర్డరు వచ్చింది. ‘పరిపాలనా సౌలభ్యం కోసం’ నన్ను లేబుళ్ల గదికి మార్చారు. డిస్పెన్సరీకి తాళం వేద్దామనుకున్నాడు, తాళం చెవి డాక్టరు గారు తీసుకున్నారు, అట్టలన్నీ లోపలే ఉన్నాయి. నా బదిలీ చెల్లదని అప్పీలు కూడా పెట్టాను. చూద్దాం.

కాబట్టి ఇప్పుడు మీ నాన్న పక్క బల్ల నాదే. నేను లేబుళ్లు వంకరగా అతికిస్తున్నానని నస పెడుతున్నాడు. ఇంకా దగ్గుతూనే ఉన్నాడే. పోయిన ఊపిరి ఏ రిపోర్టుతోనూ తిరిగి రాదని డాక్టరు గారు దాచకుండా చెప్పారు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది. నిన్న మాత్రం మర షెడ్డు తలుపుకి సీలు వేస్తుంటే కిటికీలోంచి చూసి, ముప్పై ఒక్కమందీ పని ఆపి నిలబడ్డారు. మీ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను పంపిన కొత్త నకలు నీ దగ్గర ఉంది కదా, తెరువు. నాకు బిళ్ల ఇచ్చారు. ఇన్నేళ్లూ మూడు వందల పన్నెండు మందికి అట్టలు రాశాను, నాకొక నంబరు లేదు. ఇప్పుడు 313. కార్మికుల పట్టికలో ఒక వరస కలుపు. తర్వాత విభాగాల చరిత్రలో ఇంకొకటి వెయ్యి. 313, లేబుళ్ల గది, నుంచి సెప్టెంబరు 5.

‘వరకు’ గడి ఖాళీగా వదిలెయ్. 212 పక్కన కూడా ఖాళీగానే ఉంచు. వాటిలో ఏం పడాలో ఆ మేనేజరు రాయడు, మేం రాసుకుంటాం.

మీ అత్త